అమ్మ మోకాళ్ల ఆపరేషన్: నడుముకి మత్తిస్తే గుండె తట్టుకుంటుందా?

ఈసారి ఉత్తరం బెంగళూరు నుంచి. మారతహళ్లి దగ్గర ఉంటున్న ఒకావిడ రాశారు, పేరు వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, కుదించి చెప్తున్నా.

వాళ్లమ్మగారికి 76 ఏళ్లు, ఊరు ప్రొద్దుటూరు, భర్త పోయాక నాలుగేళ్లుగా కూతురి దగ్గరే ఉంటున్నారు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. సోఫాలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి, బాత్‌రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్తారు, అన్నిసార్లు వెళ్లలేక మంచినీళ్లు తాగడమే తగ్గించేశారట. ఇక్కడ ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చూపిస్తే సర్జన్ గారు రెండు మోకాళ్లూ ఒకే రోజు మార్చేద్దాం అన్నారు, వచ్చే నెల మొదటి వారం డేట్ ఇచ్చారు. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్ చూసే చెకప్‌లో ఆయన ఐదు నిమిషాల్లో తేల్చేశారు: "వయసుంది, స్టెంట్ ఉంది, ఎపిడ్యూరల్ పెడతాం, బీపీ పడిపోయే రిస్క్ ఉంది, హై రిస్క్ కన్సెంట్ మీద సంతకం పెట్టండి." (ఎపిడ్యూరల్ అంటే నడుములో సన్నటి గొట్టం పెట్టి అందులోంచి మత్తివ్వడం.)

ఇక అక్కణ్నుంచి ఇంట్లో గొడవ మొదలు. డాలస్‌లో ఉన్న అన్నయ్య "బీపీ పడిపోద్దని వాళ్లే చెప్తుంటే ఎందుకమ్మా, జనరల్ ఇవ్వమను, అమ్మకి ఏమీ తెలియకుండా అయిపోద్ది" అంటున్నారు. కడపలో మేనమామ "ఈ మధ్య కొత్తగా వచ్చాయి ఈ నడుము ఇంజక్షన్లు, మీ అత్తకి పెట్టినప్పట్నుంచి నడుం నొప్పి పోలేదు" అంటున్నారు. వాళ్ల చిన్నాన్నగారికి ప్రోస్టేట్ ఆపరేషన్‌లో నడుముకి ఇంజక్షన్ ఇచ్చాక బీపీ పడిపోయి రెండు రోజులు ఐసీయూలో ఉంచారట, ఆ కథ ఇంట్లో రోజూ వస్తోంది. భర్తేమో "మీ అమ్మ కదా, నువ్వే డిసైడ్ చెయ్యి" అని తప్పుకున్నారు. ఉత్తరం చివర ఆవిడ రాసిన మాటలు ఇవి: "సంతకం పెట్టేది నేను. ఏదైనా జరిగితే జన్మంతా మాట పడేది నేను. రెండిట్లో ఏది సేఫో ఒక్క మాట చెప్పండి చాలు." కింద మందుల లిస్టు రాశారు: పొద్దున టెల్మా హెచ్, మెట్ ఎక్స్‌ఎల్ 25, రెండు పూటలా మెట్‌ఫార్మిన్, రాత్రి ఎకోస్ప్రిన్ గోల్డ్. స్టెంట్ 2019లో వేశారు. ఎకో రిపోర్టులో ఈఎఫ్ 52, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, స్క్లెరోటిక్ అయోర్టిక్ వాల్వ్ అని ఉంది.

అమ్మా, ముప్ఫై ఏళ్లు మత్తు డాక్టర్‌గా చేసి రిటైరయ్యా. మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి ఆవిడకి ఇదే ఇవ్వాలి అని చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ మీ ఉత్తరంలో మీరు అడిగిన ప్రశ్న కన్నా అర్జెంటైనది ఒకటుంది, ముందు అది.

ఎకోస్ప్రిన్ గోల్డ్. చెకప్‌లో మందులు అడిగినప్పుడు మీరు "ఎకోస్ప్రిన్ వేసుకుంటుంది" అని చెప్పారట, డాక్టర్ గారు "సరే, అది ఆపక్కర్లేదు" అన్నారట. ఇక్కడే వచ్చింది చిక్కు. వట్టి ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్. ఏవీ అని ఉంటే ఆస్పిరిన్‌తో పాటు కొలెస్ట్రాల్ మందు. గోల్డ్ అంటే ఆ రెండిటితో పాటు క్లోపిడోగ్రెల్ అని రక్తాన్ని పలచగా ఉంచే ఇంకో మందు కూడా, మూడూ ఒకే క్యాప్సూల్‌లో. స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి, చిన్న అక్షరాల్లో ఉంటుంది. నడుములో సూది గుచ్చడానికి ఆస్పిరిన్ మామూలుగా అడ్డం కాదు. క్లోపిడోగ్రెల్ అడ్డమే, దాన్ని 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి, లేకపోతే వెన్నుపూస లోపల రక్తం కారి, అది గడ్డలా చేరి నరాలని నొక్కేసే ప్రమాదం ఉంది. అది చాలా అరుదు, కానీ జరిగితే కాళ్లు పోతాయి. అలాగని మీరు ఇంట్లోనే గోల్డ్ ఆపేశారనుకోండి, దాంతో పాటు ఆస్పిరిన్ కూడా ఆగిపోద్ది, స్టెంట్ ఉన్న మనిషికి అది ఇంకో ప్రమాదం. కాబట్టి కార్డియాలజిస్ట్‌ని అడిగి, గోల్డ్ బదులు ఏం వేసుకోవాలో, ఏ తేదీ నుంచో, ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం, స్ట్రిప్ ఫోటో రెండూ మత్తు డాక్టర్‌కి చేరాలి. చెకప్‌లో మందుల పేర్లు సగం చెప్పేవాళ్లని నా సర్వీసంతా చూశా, తప్పు వాళ్లది మాత్రమే అనను, ఐదు నిమిషాల్లో అడిగితే ఎవరికైనా సగమే గుర్తొస్తుంది.

సరే, ఇప్పుడు బీపీ. "బీపీ పడిపోద్దని వాళ్లే చెప్తున్నారు" అని మీ అన్నయ్య భయపడుతున్నారు గానీ, నడుముకి మత్తిచ్చాక బీపీ కొంత తగ్గడం ఆ మందు పని చేసే తీరులోనే ఉంది. నొప్పి తెలిపే నరాలతో పాటు రక్తనాళాల్ని బిగించి పట్టుకునే నరాలు కూడా వెన్నులోంచే బయటికొస్తాయి, ఛాతీ భాగం మొదలు నడుము పైభాగం దాకా. మందు రెండిటినీ ఆపేస్తుంది. బిగింపు పోయేసరికి కాళ్లలో, పొట్టలో ఉన్న రక్తనాళాలు వదులై రక్తం అక్కడే నిలబడిపోద్ది, గుండెకి తిరిగొచ్చేది తగ్గుద్ది, బీపీ దిగుద్ది. మీ అపార్ట్‌మెంట్‌లో పొద్దున ఏడింటికి కింద ఫ్లోర్ల వాళ్లందరూ కుళాయిలు తిప్పేస్తే పైన ఐదో ఫ్లోర్‌లో షవర్ సన్నగా కారుద్ది కదా, మోటార్ బాగానే ఉంటుంది, ట్యాంకులో నీళ్లూ ఉంటాయి, అయినా పైకి ప్రెషర్ రాదు. ఇంచుమించు అదే.

ఇదే పాతికేళ్ల కుర్రాడికైతే మెడలోని రక్తనాళాల్లో ఉండే సెన్సర్లు వెంటనే పసిగట్టి, మత్తు తగలని పైభాగంలో నాళాలని బిగిస్తాయి, గుండెని గబగబా కొట్టుకోమంటాయి. 76 ఏళ్లకి ఆ సెన్సర్లు మొద్దుబారి ఉంటాయి, నాళాలు గట్టిపడి ఉంటాయి, గుండె స్పీడు పెరగమన్నా అంతగా పెరగదు, పైగా మీ అమ్మగారు వేసుకునే మెట్ ఎక్స్‌ఎల్ గుండె స్పీడుని ఎలాగూ పట్టి ఉంచుతుంది. ఇంకోటి, పెద్దవాళ్లలో ఈ బిగించే నరాలు మామూలు రోజుల్లోనే ఎక్కువ పని చేస్తుంటాయి, బీపీ దాని మీద ఆధారపడి నిలబడి ఉంటుంది, కాబట్టి అది ఒక్కసారి తీసేస్తే కుర్రాళ్ల కన్నా ఎక్కువ మెట్లు కిందికి దిగుద్ది. ఎపిడ్యూరల్‌లో అయితే మరో విషయం కూడా ఉంది, వయసుతో వెన్నుపూసల మధ్య పక్క దారులు ఇరుకైపోతాయి, మందు పక్కలకి పోలేక పైకి పాకుద్ది, అందుకే కుర్రాడికిచ్చిన అదే డోసు పెద్దావిడకిస్తే మత్తు ఇంకా పైదాకా ఎక్కుతుంది. మరీ పైకి, ఛాతీ పై భాగం దాకా పోతే గుండెని వేగంగా నడిపే నరాలు కూడా ఆగి నాడి నెమ్మదిస్తుంది. అందుకే పెద్దవాళ్లకి డోసు తగ్గిస్తాం, ఒకేసారి పొయ్యం, కొంచెం ఇచ్చి ఆగి చూసి మళ్లీ కొంచెం ఇస్తాం.

ఆ ఆగి చూడడమే ఎపిడ్యూరల్‌కి ఉన్న గొప్ప. స్పైనల్ అంటే ఒకే ఇంజక్షన్, ఐదారు నిమిషాల్లో పట్టేస్తుంది, బీపీ కూడా అంతే దబ్బున దిగుద్ది. ఎపిడ్యూరల్‌లో సన్నటి గొట్టం పెట్టి విడతలుగా ఇస్తారు, పూర్తిగా పట్టడానికి పదిహేను ఇరవై నిమిషాలు, ఈలోపు గుండెకి సర్దుకునే టైం దొరుకుద్ది, మనకి మందు ఎక్కించే టైం దొరుకుద్ది. సర్జన్లకి ఆ ఇరవై నిమిషాలు విసుగు, గ్లవ్స్ వేసుకుని నిలబడి మన వైపు చూస్తుంటారు, ఆ చూపులకి లొంగకపోవడం కూడా మా ఉద్యోగంలో భాగమే అనుకోండి. రెండూ కలిపి, చిన్న డోసు స్పైనల్ ఇచ్చి మిగతాది గొట్టంలోంచి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. మీ డాక్టర్ గారు "ఎపిడ్యూరల్" అన్నది వట్టి ఎపిడ్యూరలా, ఈ కలిపి ఇచ్చేదా అని అడగండి, చాలాచోట్ల రెండో దాన్ని కూడా ఎపిడ్యూరల్ అనే అంటారు.

నాకు బాగా గుర్తున్న కేసొకటి చెప్తా. ఎనభై దాటిన పెద్దాయన, తుంటి ఆపరేషన్, ఎపిడ్యూరల్ ఇచ్చాం. మెలకువగా ఉన్నారు, నాతో వేరుశనగ రేటు గురించి మాట్లాడుతున్నారు. బీపీ మిషన్ మూడు నిమిషాలకోసారి కొలిచేలా పెట్టాం, కిందటిసారి 150 చూపించింది, ఆ తర్వాతది ఇంకా రాలేదు. ఆయన మాట మధ్యలో ఆపి పెద్దగా ఆవలించారు. పక్కనున్న జూనియర్ "తాతకి నిద్రొస్తోంది" అని నవ్వింది. నేను మిషన్ బటన్ నొక్కా, 88. వెంటనే బీపీ పెంచే మెఫెంటర్మిన్ కొంచెం ఇచ్చాం, సెలైన్ వదిలాం, రెండు నిమిషాల్లో 120కి వచ్చింది, ఆయన శనగల దగ్గర ఆపిన చోటే మళ్లీ అందుకున్నారు. ఆవలింత, కడుపులో తిప్పడం, "ఏదోలా ఉంది" అనడం, ఇవి మిషన్ కన్నా ముందొచ్చే కబుర్లు. మెలకువగా ఉన్న పేషెంట్ ఇచ్చే ఈ కబురు పూర్తి మత్తులో ఉన్నవాళ్లు ఇవ్వలేరు. అందుకే మీ అమ్మగారి విషయంలో భాష గురించి అడగాలనిపించింది. థియేటర్‌లో కన్నడ, మలయాళం, హిందీ నడుస్తాయి, ఆవిడకి తెలుగు తప్ప రాదని రాశారు. "తిప్పుతోంది", "ఆయాసం", "ఛాతీ బరువు", ఈ మూడు మాటలు వాటి అర్థంతో ఒక కాగితం మీద రాసి మత్తు డాక్టర్‌కి ఇవ్వండి, లేదా తెలుగొచ్చిన నర్సు ఎవరైనా ఉంటారా అని అడగండి, బెంగళూరులో దొరక్కపోరు.

మీ చిన్నాన్నగారి సంగతి నేను చెప్పలేను. వాళ్లకి ఏ డోసు ఇచ్చారో, గుండె ఎలా ఉందో, ఎంతసేపు బీపీ తక్కువగా ఉందో మనకెవరికీ తెలీదు. ఐసీయూలో పెట్టడం అంటే చెడు జరిగిందనే కాదు, చెడు జరక్కుండా కాపలా కాశారని కూడా అవ్వొచ్చు. బీపీ దిగడం కన్నా, దిగాక ఎంతసేపు అలాగే ఉండనిచ్చారు అన్నదే గుండెకి, కిడ్నీకి లెక్క. సగటు బీపీ (పై నంబరు, కింది నంబరు కలిపి లెక్కేసేది) 65 కిందకి పోయి అక్కడే ఉండిపోతే గుండె కండరానికి దెబ్బ తగిలే అవకాశం పెరుగుద్ది. స్టెంట్ ఉన్న గుండెకి ఇంకా. అలాగని 65 అనేది అందరికీ ఒకటే గీత కాదు, ఇంట్లో రోజూ పై నంబరు 150 ఉండే మనిషికి ఆ నంబరు 100 ఉన్నా తక్కువే. కాబట్టి ఇవాళ్టి నుంచి వారం రోజులు పొద్దున సాయంత్రం ఇంట్లో బీపీ, నాడి కొలిచి ఒక పేజీలో రాయండి. హాస్పిటల్‌లో టెన్షన్‌తో వచ్చే ఒక్క రీడింగ్ కన్నా ఆ పేజీ చాలా పనికొస్తుంది.

ఎకో రిపోర్టు చూస్తే నాకేం గుండెలు జారిపోలేదు. ఈఎఫ్ 52 అంటే గుండె పంపింగ్ పర్వాలేదు. గ్రేడ్ 1 డయాస్టాలిక్ అంటే గుండె కొంచెం బిరుసుగా ఉంది, నిండడానికి టైం తీసుకుంటుంది, ఆ వయసులో చాలామందికి ఉండేదే. కానీ బిరుసు గుండె నిండుదనం మీద బతుకుద్ది, రక్తం తిరిగి రావడం తగ్గితే దానికి కష్టం, అలాగని బీపీ కోసం సెలైన్ బాటిళ్లు బాటిళ్లు ఎక్కించేస్తే మత్తు దిగి నాళాలు మళ్లీ బిగిసినప్పుడు ఆ నీళ్లన్నీ ఒకేసారి గుండె మీద పడి ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. అందుకే ఇలాంటివాళ్లకి సెలైన్ కొలతగా, నాళాలని బిగించే మందు, ఫినైలెఫ్రిన్ గానీ నారడ్రినలిన్ గానీ, సన్నగా నడిపిస్తూ చేస్తారు. స్క్లెరోటిక్ వాల్వ్ అంటే వాల్వ్ మందమైందని, మూసుకుపోయిందని కాదు. కానీ ఈ ఒక్కటీ గట్టిగా అడిగి తెలుసుకోండి, "స్టెనోసిస్ ఉందా, గ్రేడియెంట్ ఎంత?" అని, అంటే వాల్వ్ ఇరుకైందా, దానికి అటూ ఇటూ ప్రెషర్ తేడా ఎంత అని. ఆ వాల్వ్ బాగా ఇరుకై ఉంటే నడుము మత్తు విషయంలో లెక్కంతా మారిపోద్ది, ఎందుకంటే ఆ గుండె బీపీ పడితే లేచి అందుకోలేదు.

ఇప్పుడు మీ అన్నయ్య. జనరల్ ఇస్తే బీపీ పడదు అనుకుంటున్నారు, అది నిజం కాదు. నిద్రపుచ్చే మందు ఇచ్చిన మొదటి నిమిషాల్లోనే పెద్దవాళ్లకి బీపీ దిగుద్ది, గొంతులో గొట్టం వేసేటప్పుడు ఎక్కుద్ది, మళ్లీ దిగుద్ది, లేపేటప్పుడు మళ్లీ ఎక్కుద్ది. ఏ దారిలో పోయినా ఘాట్ రోడ్డే. ఇక ఏది మేలు అనేదానికి, పాతకాలం లెక్కలు నడుము మత్తు వైపే మొగ్గేవి, 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 141 ట్రయల్స్ కలిపి చూసినప్పుడు మరణాలు సుమారు మూడో వంతు తగ్గినట్టు వచ్చింది. మా తరం డాక్టర్లు దాన్ని పట్టుకునే పెరిగాం. కానీ ఆ తర్వాత జనరల్ కూడా చాలా మెరుగైంది. 2021లో అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందిని చూసిన రీగెయిన్ అనే ట్రయల్‌లో, 60 రోజులకి చనిపోయినవాళ్లూ, సొంతంగా నడవలేకపోయినవాళ్లూ కలిపి స్పైనల్‌లో 18.5 శాతం, జనరల్‌లో 18 శాతం. అంటే తేడా లేనట్టే. జనరల్ ఇస్తే ముసలివాళ్లకి మతి తప్పుద్దని ఇంకో భయం ఉంది కదా, ఆపరేషన్ తర్వాత వచ్చే కలవరం మీద చైనాలో 2022లో చేసిన ట్రయల్‌లోనూ రెండిటికీ పెద్ద తేడా కనపడలేదు. ఇవి తుంటి విరిగినవాళ్ల లెక్కలు, మోకాలికి అచ్చంగా అంటించలేం, అయినా మీ ఇంట్లో గొడవకి ఇవి చాలు. మీరిద్దరూ అనుకుంటున్నంత దూరం లేదు ఈ రెండిటి మధ్య. ఎవరు ఇస్తున్నారు, ఎంత జాగ్రత్తగా చూస్తున్నారు అన్నదానికే ఎక్కువ తేడా ఉంటుందని నా అనుభవం.

మేనమామ గారికి రెండు ముక్కలు చెప్పండి. ఇది కొత్తగా వచ్చింది కాదు, నడుము దగ్గర ఎపిడ్యూరల్ గురించి ఫిదెల్ పాజెస్ అనే స్పెయిన్ మిలిటరీ సర్జన్ 1921లోనే రాశాడు, వందేళ్లు దాటింది. సూది పెట్టిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు, ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి సూది కన్నా వయసు, అరుగుదల మీదే అనుమానం ఎక్కువ. నరాలకి శాశ్వతంగా దెబ్బ తగలడం గురించి బ్రిటన్‌లో ఏడు లక్షలకి పైగా ఇలాంటి ఇంజక్షన్ల లెక్క తీసి 2009లో చెప్పారు, అన్ని రకాలూ కలిపితే లక్షకి రెండు నుంచి నాలుగు దాకా. ఆపరేషన్లకి పెట్టే ఎపిడ్యూరల్స్ వరకే చూస్తే అంతకన్నా బాగా ఎక్కువ, లక్షకి ఎనిమిది నుంచి పదిహేడు దాకా, దాచను.

అసలు ఈ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట వేరే. రెండు మోకాళ్లూ ఒకే రోజు. ఏ మత్తు అని ఇంత కొట్టుకుంటున్నారు గానీ దీని మీద ఇంట్లో ఒక్కరు కూడా ప్రశ్న అడిగినట్టు లేదు. 76 ఏళ్లు, స్టెంట్, షుగర్, బీపీ ఉన్న మనిషికి రెండూ ఒకేసారి అంటే రక్తం పోవడం రెట్టింపు, టేబుల్ మీద టైం ఎక్కువ, ఆపరేషన్‌లో రక్తం కారకుండా తొడకి బిగించి కట్టిన పట్టీ విప్పిన ప్రతిసారీ కాలిలోకి రక్తం పరుగెత్తి బీపీ ఒక దెబ్బ పడుద్ది, అది రెండుసార్లు. గుండె జబ్బున్న పెద్దవాళ్లలో ఒకేరోజు రెండూ చేస్తే గుండె తాలూకు ఇబ్బందులు ఎక్కువని తెలిసిన విషయమే. ఒకే ప్యాకేజీ, ఒకే మత్తు, ఒకే లీవు అన్న సుఖాలు ఉన్నాయి, కాదనను, ఉద్యోగం చేసే కూతురికి రెండోసారి లీవు దొరకడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కానీ నేనైతే మత్తు మార్చడం కన్నా ముందు దీన్ని మార్చమని అడుగుతా.

మీ ముందున్న దారులు ఎలా ఉంటాయో చెప్తా. ముందు ఎక్కువ నొప్పున్న కాలు ఒక్కటే, తక్కువ డోసు స్పైనల్ గానీ కలిపిచ్చేది గానీ ఇచ్చి, ఆపరేషన్ తర్వాత నొప్పికి తొడ దగ్గర నరానికి విడిగా ఇంజక్షన్. ఇందులో ఆపరేషన్ అయ్యాక గొట్టం ఉండదు లేదా త్వరగా తీసేస్తారు, బీపీ తొందరగా సర్దుకుంటుంది, మర్నాడే నడిపించొచ్చు, ఈమధ్య చాలా చోట్ల మోకాళ్లకి ఇదే చేస్తున్నారు. ఇబ్బంది ఏంటంటే రెండో కాలికి మళ్లీ కొన్ని నెలల తర్వాత ఇదంతా కొత్తగా మొదలెట్టాలి, ఈలోపు ఒక కాలు బాగు, ఒక కాలు కుంటు. రెండో దారి, మీ డాక్టర్ చెప్పినట్టే ఎపిడ్యూరల్ గొట్టం రెండు రోజులు ఉంచడం. నొప్పి బాగా కంట్రోల్ అవుద్ది, నొప్పి లేకపోతే గుండె గబగబా కొట్టుకోదు, స్టెంట్ ఉన్న మనిషికి అది చిన్న లాభం కాదు. కానీ ఆ రెండు రోజులూ బీపీ తక్కువలో ఊగుద్ది, కాళ్లు బరువుగా ఉంటాయి, యూరిన్ ట్యూబ్ ఉండాల్సి రావచ్చు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజక్షన్ టైమింగ్‌ని గొట్టం తీసే టైంతో సరిచూసుకునే మనిషి ఒకరు వార్డులో ఉండాలి. రాత్రిపూట మత్తు డాక్టర్ అందుబాటులో ఉండని చిన్న హాస్పిటల్ అయితే నేను ఈ దారికి భయపడతా. మూడోది జనరల్ ప్లస్ నరానికి ఇంజక్షన్, క్లోపిడోగ్రెల్ ఆపడానికి కార్డియాలజిస్ట్ ఒప్పుకోకపోయినా, వాల్వ్ ఇరుకుగా ఉందని తేలినా ఇదే ముందుకొస్తుంది, తప్పేం లేదు. నాలుగోది ఇప్పుడు వద్దనుకోవడం, ఫిజియోథెరపీ, వాకర్, నొప్పి మందులతో లాగడం. అది కూడా ఉచితం కాదు, నొప్పి మాత్రలు రోజూ మింగితే కిడ్నీకి, బీపీకి దెబ్బ, గోడ పట్టుకు నడుస్తూ బాత్‌రూమ్‌లో పడి తుంటి విరిగితే ఇవే ప్రశ్నలు అర్ధరాత్రి ఎమర్జెన్సీలో, ఆలోచించుకునే టైం లేకుండా ఎదురవుతాయి.

ఏ దారైనా ఇంట్లో మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మెట్ ఎక్స్‌ఎల్ ఆపొద్దు, ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుటకెడు నీళ్లతో వేస్తారు, సడెన్‌గా ఆపితే గుండె ఎగిరిపడుద్ది. టెల్మా హెచ్‌ని మాత్రం చాలామంది ఒక రోజు ముందే ఆపమంటారు, దాంట్లో బీపీ మందుతో పాటు నీళ్ల మాత్ర కూడా ఉంది, మత్తుతో కలిస్తే బీపీ మరింత దిగుద్ది. టెల్మా రకం బీపీ మందుల మీద ఫ్రాన్స్‌లో పెద్ద ట్రయల్ చేసి 2024లో చెప్పారు, ఆపినవాళ్లకీ ఆపనివాళ్లకీ చివర్లో మరణాలు, పెద్ద ఇబ్బందులు ఒకటే, కానీ టేబుల్ మీద బీపీ పడిపోవడం ఆపనివాళ్లలో ఎక్కువ. కాబట్టి మీ డాక్టర్ ఎలా చెప్తే అలా, కానీ అడిగి మరీ చెప్పించుకోండి, మెట్‌ఫార్మిన్ సంగతి కూడా.

నీళ్లు. ఇది చిన్న విషయంలా కనపడుద్ది. బాత్‌రూమ్‌కి వెళ్లలేక నీళ్లు తగ్గించేసిన మనిషి, దాని మీద నీళ్ల మాత్ర, దాని మీద "రాత్రి పన్నెండు తర్వాత పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దు" అన్న నర్సు మాట, తీరా థియేటర్‌లోకి మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్తారు. ఎండిపోయిన ట్యాంకుతో వచ్చిన మనిషికి నడుము మత్తిస్తే బీపీ దభీమని పడుద్ది. అన్నం టిఫిన్ ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు ఆపాలి, కానీ మామూలు నీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చన్నది ఇప్పటి పద్ధతి. షుగర్ వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్లకి వేరేగా చెప్తారు, అందుకే అడగండి, "ఎన్నింటి దాకా నీళ్లివ్వొచ్చు?" అని. ఈ వారం నుంచే మంచం పక్కన కమోడ్ కుర్చీ ఒకటి పెట్టి, నీళ్లు తాగించండి.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి లేపేటప్పుడు మీరు పక్కనుండండి. ముందు మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టాలి, బీపీ చూడాలి, కళ్లు తిరగడం లేదంటేనే లేపాలి. నాకు భయం పగలు కాదు, రాత్రి. ఫిజియో వాళ్లు పగలు నాలుగు అడుగులు వేయించాక ఈ తరం ఆడవాళ్లు "పిల్లని ఎందుకు లేపడం" అని తెల్లారుజామున మూడింటికి ఒక్కరే లేస్తారు, పడతారు. నర్సుని పిలిచే బెల్ ఆవిడ చేతిలో పెట్టి, మీ మంచం ఆవిడ మంచానికి ఆనించుకోండి. గొట్టం ఉన్నన్నాళ్లూ, తీశాక ఒక రోజు దాకా, కాళ్లు కదిలించమని మీరే అప్పుడప్పుడు చూస్తుండండి. ముందు కదిలిన కాలు తర్వాత కదలకపోయినా, తిమ్మిరి తగ్గకుండా పెరుగుతున్నా, నడుములో కొత్తగా గట్టి నొప్పి వచ్చినా "పొద్దున రౌండ్స్‌లో చెప్దాం" అని ఆగొద్దు, ఆ నిమిషమే మత్తు డాక్టర్‌ని పిలిపించమని గొడవ చెయ్యండి, అలాంటప్పుడు గంటలే లెక్క.

ఇక సంతకం. మీ ఉత్తరం మళ్లీ చదివా, అన్నయ్య ఏమన్నారు, మామ ఏమన్నారు, భర్త ఏమన్నారు అన్నీ ఉన్నాయి, అమ్మగారు మాట్లాడిన మాట ఒకే ఒక్క చోట ఉంది, "నన్ను మాత్రం పూర్తిగా నిద్రపుచ్చొద్దు, ఏం జరుగుతుందో నాకు తెలియాలి అంటోంది, ఆవిడకేం తెలుసు పాపం" అని. ఆవిడకి తెలుసమ్మా. పాస్‌బుక్ తనే చూసుకుంటున్న మనిషి, రోజూ పేపర్ చదువుతారని మీరే రాశారు. మతి బాగున్న మనిషి ఆపరేషన్‌కి సంతకం పెట్టాల్సింది ఆవిడే, మీరు సాక్షి మాత్రమే. కాగితం తెచ్చి కూతురి ముందు పెట్టడం మన హాస్పిటళ్ల అలవాటు, అది అలవాటే గానీ రూల్ కాదు. బీపీ దిగే సంగతి, పూర్తి మత్తు సంగతి, ఒక కాలా రెండు కాళ్లా అనేది ఆవిడకి తెలుగులో కూర్చోబెట్టి చెప్పండి, ఆవిడ ఏమంటారో వినండి. మెలకువగా ఉండాలనుకుని, అన్నీ విన్నాక భయమేసి నిద్రే కావాలంటే అదీ ఆవిడ ఇష్టమే.

మత్తు డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇంకోటి అడగండి, అరగంట కావాలని ముందే చెప్పి. గోల్డ్ స్ట్రిప్, బీపీ పేజీ, ఎకో, స్టెంట్ పేపర్లు పట్టుకెళ్లండి, అమ్మగారిని తీసుకెళ్లండి, అన్నయ్యని స్పీకర్‌లో పెట్టండి, ఆయన అడగాల్సినవి డాక్టర్‌నే అడగనివ్వండి, మీరు మధ్యలో మోసుకెళ్లే పని తప్పుద్ది. ఇక్కడ పొద్దున పదకొండు అంటే డాలస్‌లో అర్ధరాత్రి అవుద్ది, ఒక్క రాత్రికి మేలుకోమనండి.